ఏరియల్‌కి ముల్లు రాసిన ఉత్తరం

తిరుపతి,
ఆదివారం, తెల్లవారుజాము

ఒరేయ్ ఏరియల్,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మూడు నెలలుగా జవాబు రాయకపోవడం నా తప్పే, క్షమించు. అమ్మ మోకాళ్ల నొప్పి కొంచెం నయం. చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. ఇంటి ముందు కాలువ పని ఎక్కడిది అక్కడే ఉంది. కుశలాలు ఇంతటితో చాలు. మొన్న గురువారం రాత్రి జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు. ఇంట్లో చెప్పాను, పాపం శ్రద్ధగానే విన్నారు. కానీ చిన్నప్పుడు మనిద్దరం దొంగచాటుగా పోలీసు రేడియో విన్న కట్టమంచి మిద్దె వాళ్లకు తెలియదు కదా.

మా అక్క కొడుకు సిన్సినాటి నుంచి వచ్చాడు. పెట్టెలో చాక్లెట్ల అడుగు నుంచి అరచేతి కన్నా కాస్త పొడవైన నల్లటి యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు. దానికి పొట్టి ఏరియల్, చిన్న తెర. యూనిడెన్ బేర్‌క్యాట్. పోలీసుల వైర్‌లెస్ మాటలు పట్టే రేడియో, పోలీసు స్కానర్! ఒరేయ్, చూడగానే నేను మళ్లీ పన్నెండేళ్లవాణ్ణయిపోయాను. మీ చిన్నాన్న కువైట్ నుంచి తెచ్చిన రేడియో, అద్దం మీద అన్నిటికన్నా కింద ‘పి.ఎస్.బి.’ అని రాసిన, పోలీసుల మాటలు దొరికే వరుస, నువ్వు ఏరియల్ పట్టుకుని పిట్టగోడ మీద నిలబడటం, నేను వెంట్రుకవాసి చొప్పున ముల్లు జరపడం. గరగరల మధ్య నుంచి ‘కంట్రోల్, కంట్రోల్’. ఆ తరువాత మన ఏడో నంబరు పోలీసాయన! ‘ఏడూ, నీ క్యారియర్ వచ్చింది.’ ఇప్పటికీ మా ఇంట్లో భోజనానికి పిలిస్తే నా చెవిలో మోగేది ఆ మాటే.

మీ నాన్నగారు పట్టుకున్న రోజు గుర్తుందా? కొట్టలేదు. ‘పరాయివాళ్ల కిటికీలో తొంగిచూస్తారా?’ అని ఒక్క మాటే అని రేడియో బీరువాలో పెట్టి తాళం వేశారు. రేడియో ఉన్నందుకు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన తరం ఆయనది. ఆ మాట ఎందుకు ఎత్తానో ముందుకు వెళ్తే నీకే తెలుస్తుంది.

మనిద్దరం పడిన పాట్లన్నీ ఈ యంత్రం తనంతట తానే పడుతుంది. సెకనుకు పదుల కొద్దీ ఛానెళ్లు వెతుకుతుంది, మాట దొరికిన చోట ఆగుతుంది, మాట ఆగిపోతే ఒకటి రెండు సెకన్లు కాచుకుని మళ్లీ పరుగు తీస్తుంది. అక్కడ వినడానికి లైసెన్సు అక్కరలేదట. ముందున్న దారిలో ఎక్కడ ప్రమాదం జరిగింది, ఏ దారి మూశారు అన్నది తెలుస్తుందని కొందరు కారులోనే పెట్టుకుంటారట. అయితే రాష్ట్రానికో చట్టం. వీడి ఊరు ఒహాయో నది ఒడ్డున ఉంది. వంతెన దాటితే కెంటకీ. అక్కడ కారులో పోలీసు రేడియో ఉండకూడదు, హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకు రేడియోలో మాట్లాడుకునే అనుమతి, ఉన్నవాళ్లకు మినహాయింపు. వీడు హ్యామ్ పరీక్ష రాసింది అందుకేనట, ఆ వంతెన నిశ్చింతగా దాటడానికి! 1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో మొదట రేడియోలు పెట్టినప్పుడు వాటిలో వినడమే తప్ప బదులు చెప్పే వీలు లేదని నేను చెప్పాను. అచ్చం మన మిద్దె లాగానే కదా అని ఇద్దరం నవ్వుకున్నాం.

మన దేశం సంగతి వేరు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇలాంటిది దగ్గర పెట్టుకోవడమే నేరం. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చినా అనుమతి సంగతి అలాగే ఉంది. ఇదంతా నాకు తెలుసు. 2021 నవంబరు వానలకు ఊరు మునిగి, మా వీధిలో కరెంటూ ఫోనూ పోయి, అమ్మ మందు కోసం నేను నడుము లోతు నీళ్లలో నడిచిన రాత్రే కదా హ్యామ్ కావాలనుకున్నాను. పోయిన ఏడాది పరీక్ష పాసై వి.యు.3తో మొదలయ్యే కాల్ సైన్, అంటే రేడియోలో నా గుర్తింపు పేరు, తెచ్చుకున్నాను. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు నాకు హక్కు ఉంది, ఆ పక్కన ఉన్నది నాది కాదు. ‘బ్యాటరీ తీసి పెట్టెలో పెట్టెయ్, ఇక్కడ కూడదు’ అని వాడికి చెప్పాను. చెప్పాను కానీ, నిజం చెబుతున్నాను, గట్టిగా చెప్పలేదు.

గురువారం చిత్తూరులో పెద్దత్త వాళ్ల గృహప్రవేశం. తిరిగి వచ్చేటప్పుడు వాడే కారు నడిపాడు. పూతలపట్టు దాటేసరికి వాన అందుకుంది. ఇక్కడ పోలీసులు వేగం ఎక్కడ కొలుస్తారు మామా అని అడిగాడు. కొండ మీదికి వెళ్తే అలిపిరిలోనే సమయం నమోదు చేస్తారు, 28 నిమిషాల కన్నా ముందే పైకి చేరితే జరిమానా, అక్కడ ఏ స్కానరూ పనికిరాదు అని చెబుతున్నాను. ఇంతలో గేరు పక్కన గుంటలో ఎర్ర అంకెలు పరుగెత్తడం కనిపించింది. ఎప్పుడు పెట్టాడో తెలియదు. ఆపమనాలి. నేను చేయి చాపింది మాత్రం శబ్దం పెంచడానికి.

అంకెలు ఆగాయి. గరగర. ‘కంట్రోల్, కంట్రోల్.’

ఒరేయ్, అదే పిలుపు! వినగానే ఒళ్లు ఝల్లుమంది. నువ్వు పక్కన లేవే అనిపించింది. అలసిపోయిన గొంతు, వాన చప్పుడు. ముందు బండి నంబరు చెప్పాడు. తరువాత పేరు. అవతల సరిగా వినబడలేదేమో, ఒక్కొక్క అక్షరం విడదీసి మళ్లీ చెప్పాడు. ఊరు, వయసు. ‘ఇంట్లోవాళ్లకు ఇంకా తెలియదు, ఓవర్.’

ఆపేశాను. ఆ పేరు నీకు రాయను. విన్నది బయట పెట్టకూడదన్నది హ్యామ్ నియమం కూడా, కానీ నియమం కోసం కాదు. ఆ ఊళ్లో ఒక ఇంట్లో అప్పటికి అన్నం వడ్డించి ఎదురుచూస్తూ ఉంటారు. ఆ తల్లికో భార్యకో తెలియని మాట నాకు తెలుసు. కారులో, పల్లీలు తింటూ, నాకు...

గాదంకి ఇంకా రాలేదు, ముందు దీపాలు కనిపించాయి. వాడు బాగా నెమ్మదించాడు. రోడ్డు అంచున పడిపోయిన మోటారుసైకిలు, హ్యాండిల్‌కు తగిలించిన సంచిలోంచి దొర్లిన టమోటాలు. పక్కన కానిస్టేబుల్ ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో సెట్టు తడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశాడు. దాన్ని చెవికి ఆనించుకుని రెండో చేత్తో పొండి పొండి అని సైగ చేస్తున్నాడు. అద్దం దించాను. ‘ఆగకండి సార్, వెళ్లండి’ అన్నాడు. అదే గొంతు. ఆయన్ను చూడలేక తల దించుకున్నాను.

చంద్రగిరి దాకా ఎవరం మాట్లాడలేదు. తరువాత వాడే మొదలుపెట్టాడు. అమెరికాలో చాలా ఊళ్లలో పోలీసులు ఇప్పుడు మాటలను సంకేతాలుగా మార్చి బయటివాళ్లకు వినబడకుండా చేస్తున్నారట. విలేకరులు, వినే అలవాటున్నవాళ్లు గొడవ పెడుతున్నారు. పోలీసులు ఏం చేస్తున్నారో జనం వినాలి కదా మామా అన్నాడు. అది కొట్టిపారేయలేని మాటే, నేనూ ఒప్పుకుంటాను. వరద రాత్రి అలాంటి ఒక్క గొంతు వినబడి ఉంటే నేను ఏ వీధిలో దిగాలో తెలిసేది. కానీ ఆ పేరులోని అక్షరాలు... నీ అభిప్రాయం రాయి. మీ నాన్నగారైతే ఏమనేవారో నాకు తెలుసు, నీది కావాలి.

స్కానర్ బ్యాటరీలు తీసి వాడి పెట్టెలో నేనే సర్దాను. వెళ్లేటప్పుడు తీసుకువెళ్లిపోతాడు. శుక్రవారం పేపరు రాగానే జిల్లా పేజీ తెరిచి, చదవకుండానే మూసేశాను.

పక్కింటి మాస్టారు మీ ఊరికే బయలుదేరుతున్నారు, ఇది ఆయన చేతికే ఇస్తున్నాను. ఆటో వచ్చేసింది. ఇంకొకటి, మీ చిన్నాన్న రేడియో ఇంకా మీ దగ్గరే ఉంటే పాత సామానుకు వేయకు. ఆ పి.ఎస్.బి. వరుస పక్కన మనం పెన్సిలుతో పెట్టిన గీత ఉందో లేదో చూసి

మాస్టారు పిలుస్తున్నారు. ఉంటాను.

నీ
ముల్లు