వెనక బరువు లేకుండా గడ్డి కట్టలు ఎత్తించవద్దు

సంపాదకులకు,

ట్రాక్టర్‌కు ముందు బిగించే లోడర్ గురించి ఏ ప్రకటన, ఏ కరపత్రం చూసినా మొదట కనిపించేది అది ఎన్ని కిలోలు ఎత్తుతుందన్న అంకె. గుండ్రటి గడ్డి కట్టలు మోయించడానికి లోడర్ కొనదలచినవారు ఆ అంకె ఒక్కటే చూసి నిర్ణయానికి రావడం ప్రమాదకరమని, ఆ సంగతిని వ్యవసాయ పేజీల్లో రాసేవారు విడమరచి చెప్పాలని నా మనవి.

ఆ అంకెను చాలాసార్లు లోడర్ చేతుల కొసన, బకెట్ బిగించే పిన్నుల దగ్గర లెక్కగట్టి చెబుతారు. కట్ట బరువు పడేది అక్కడ కాదు. 5 అడుగుల వ్యాసం, 4 అడుగుల వెడల్పు గల కట్టను ఎటునుంచి పట్టినా దాని నడిమి భాగం పిన్నులకు రెండడుగులకు పైనే ముందుకు ఉంటుంది. బరువు ముందుకు జరిగేకొద్దీ ఎత్తే శక్తి తగ్గుతుంది. కట్టను బిగించి పట్టేందుకు లోడర్‌కు తగిలించే ఇనుప పట్టు, అంటే గ్రాపుల్, దాని సొంత బరువు కూడా అందులోంచే పోతుంది. ఇక కట్ట బరువు విషయంలో కంటి అంచనాను నమ్మలేము. వెడల్పు మారకుండా వ్యాసం 4 అడుగుల నుంచి 5 అడుగులకు పెరిగితేనే బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైన చెప్పిన కొలతల్లో ఎండుగడ్డి కట్ట, చుట్టిన బిగువును బట్టి, సుమారు 300 నుంచి 450 కిలోలు తూగుతుంది. ప్లాస్టిక్ చుట్టిన పచ్చిమేత కట్టయితే అంతకన్నా చాలా ఎక్కువ.

లోడర్ ఎత్తినంత మాత్రాన ట్రాక్టర్ తట్టుకుంటుందని లేదు. కట్ట పైకి లేవగానే ముందు ఇరుసు తక్కెడకు నడుమనుండే ఆధారం వంటిదవుతుంది. కట్ట బరువుకు ముందుభాగం కిందికి అణుగుతుంటే వెనక చక్రాలు నేల మీద పట్టు వదులుతాయి. చాలా ట్రాక్టర్లలో ముందు ఇరుసు ఎగుడుదిగుళ్లకు తగ్గట్టు ఊగేలా నడుమ ఒకే పిన్ను మీద అమర్చి ఉంటుంది కనుక, యంత్రం పక్కకు ఒరగకుండా నిలబెట్టేవి ప్రధానంగా వెనక చక్రాలే. అవి తేలికైపోయిన స్థితిలో, కట్టను పైకెత్తి ఉంచి మలుపు తిప్పినా, ఒక చక్రం చిన్న గుంటలో దిగినా, బోల్తా పడడానికి అది చాలు. బ్రేకులు కూడా సాధారణంగా వెనక చక్రాలకే ఉంటాయి కాబట్టి వాలులో ఆ బండి ఆగుతుందన్న నమ్మకం లేదు. వెనక టైర్లలో నీళ్లు నింపితే సరిపోతుందని కొందరంటారు. ఆ నీళ్ల బరువు వెనక చక్రాలను నేలకు అదుముతుందే గాని ముందు ఇరుసు మీది భారాన్ని తగ్గించదు. ట్రాక్టర్ వెనక పనిముట్లు బిగించే త్రీ పాయింట్ లింకేజీకి తగిలించిన కాంక్రీటు దిమ్మె, వెనక ఇరుసుకు ఆవల వేలాడుతుంది గనుక, రెండు పనులూ చేస్తుంది.

బకెట్ ఉండగా గ్రాపుల్ ఖర్చెందుకు అనేవారికి ఒక మాట చెప్పాలి. చేతులు లేచినా బకెట్‌ను సమంగా ఉంచే అమరిక లేని లోడర్లలో, పైకి వెళ్లేకొద్దీ బకెట్ వెనక్కి వాలుతుంది. నడిపే మనిషి చూపు వాము పైవరస మీద ఉండగానే కట్ట బకెట్ వెనక అంచు దాటి, లోడర్ చేతుల మీదుగా, బానెట్ మీదుగా సీటు మీదికి దొర్లుకొస్తుంది. ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. సీటు వెనక రెండు కమ్మీలతో ఉండే రక్షణ చట్రం ట్రాక్టర్ బోల్తా పడినప్పుడు కాపాడుతుంది గాని ముందునుంచి వచ్చే కట్టను ఆపలేదు. కట్టను కదలకుండా బిగించి పట్టే గ్రాపుల్‌గానీ, లోపలికి దిగే ఈటెగానీ ఉంటేనే ఆ దొర్లుడు తప్పుతుంది. ప్లాస్టిక్ చుట్టిన కట్టలకు మాత్రం ఈటె పనికిరాదు. చిల్లు పడితే గాలి చొరబడి మేత బూజు పడుతుంది.

గ్రాపుల్ ఉన్నా, కట్టను నేలకు దగ్గరగా ఉంచే నడపాలి. వాము దగ్గరికి చేరి, బండి నిలిచాకే పైకెత్తాలి.

వెనక బరువును విడిగా కొనుక్కోవలసిన అదనపు సామగ్రిగా చూపడం నాకు అర్థం కాని విషయం. లోడర్‌తోపాటే దానిని ఇవ్వాలి. ఏ ట్రాక్టర్‌కు ఎన్ని కిలోల దిమ్మె కావాలో, కట్ట నడిమి భాగం వద్ద లోడర్ నిజంగా ఎంత ఎత్తగలదో కరపత్రంలోనే అచ్చువేయాలి. మీ పత్రిక ఇకమీదట లోడర్లను పరిచయం చేసేటప్పుడు ఈ రెండు అంకెలనూ అమ్మకందారులను అడిగి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు