పేరు చూపించాకే సంతకం అడగండి

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,

నమస్కారం. మచిలీపట్నం నుంచి రాస్తున్నాను. ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చివరి పదేళ్లూ, ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ ఫారాలు తీసుకునే కౌంటరులోనే కూర్చున్నాను. ఇప్పటికీ మా వీధిలో ఎవరు ఎవరికి డబ్బు పంపాలన్నా ఫారం పట్టుకుని మా అరుగు మీదికే వస్తారు. బ్యాంకక్క అని పిలుస్తారు. ఆ ఫారాలు నింపీ నింపీ నాకు అర్థమైన ఒక సంగతి మీకు చెప్పుకోవాలని ఈ లేఖ.

2023 జూన్‌లో మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిడ, పెద్ద కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు 42,000 రూపాయలు నెఫ్ట్‌లో పంపింది. చీటీ పాడి తెచ్చిన డబ్బు. ఆ రోజు నేను ఊళ్లో లేను. కూతురు ఫోన్‌లో ఖాతా నంబరు చెబుతుంటే, బేరాల మధ్యలో ఓ కాగితమ్ముక్క మీద రాసుకుంది. ఏ బ్యాంకు, ఏ శాఖ అన్నది చెప్పే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. అయిదోది ఇంగ్లీషు ఓ కాదు, సున్నా అని ఎప్పుడూ హెచ్చరించేదాన్ని నేనే. కోడ్ తప్పుపోలేదు. ఖాతా నంబరులో పక్కపక్కనున్న రెండంకెలు తారుమారయ్యాయి. ఫారంలో పేరు గడిలో కాలేజీ పేరు స్పష్టంగానే ఉంది. డబ్బు వెళ్లి అదే బ్యాంకులో ఇంకెవరిదో ఖాతాలో పడింది.

నాలుగు రోజుల తర్వాత కాలేజీ వాళ్లు ఫీజు రాలేదన్నప్పుడు గానీ ఆవిడకు తెలియలేదు. బ్యాంకుకు పరిగెత్తితే కౌంటరులో అబ్బాయి "పేరు మేం చూడం అమ్మా, నంబరే చూస్తాం" అన్నాడు. ఫారం అడుగున చిన్న అక్షరాలు, వాటి కింద ఆవిడ సంతకం చూపించాడు. అవతలి శాఖకు ఉత్తరం వెళ్లడానికి మరో తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా ఆ ఖాతాదారు డబ్బు తీసేసుకున్నాడు. అతను ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీసుకోలేమన్నారు. ఆవిడ కొట్టు మూసుకుని పదకొండు సార్లు తిరిగింది. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. నా కౌంటరులో నేనూ అలాగే చేశాను. జమ ఖాతా నంబరును బట్టే జరుగుతుంది, పేరును పరిగణించరు, నంబరు సరిగ్గా ఇవ్వాల్సిన బాధ్యత పంపేవారిదే అన్నది 2010లో మీ బ్యాంకు ఇచ్చిన సర్క్యులరు సారాంశం. దానికి కారణం లేకపోలేదు. లక్ష్మి అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తాం. ఇంటిపేరు ఒకరు ముందు పెడతారు, ఒకరు వెనక పెడతారు. అక్షరం అక్షరం సరిచూడమంటే యంత్రం సగం బదిలీలను తిప్పికొడుతుంది. కానీ యంత్రానికి కష్టమని పక్కన పెట్టిన ఆ పేరే, కూరగాయలమ్మే మనిషి గుర్తుపట్టగలిగిన ఒకే ఒక్క ఆధారం.

మా దగ్గర అందరూ కోడ్‌కే భయపడతారు. పదకొండు అక్షరాలు, అంకెలు కలగలిసి ఉంటాయి కనుక అందులోనే ఏదో రహస్యం ఉందనుకుంటారు. అందులో రహస్యమేమీ లేదు. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, తర్వాత సున్నా, చివరి ఆరూ శాఖవి. పాస్‌బుక్ మీదా చెక్కు మీదా అచ్చై ఉంటుంది. మనకు రావాల్సిన డబ్బు కోసం ఖాతా నంబరూ కోడూ ఇస్తే చాలు, పిన్ను గానీ ఓటీపీ గానీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. బ్యాంకుల లెక్కలన్నీ కోర్ బ్యాంకింగ్‌లోకి, అంటే అన్ని శాఖలకూ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి వచ్చాక, శాఖ అంకెలు అటూ ఇటూ అయినా ఖాతా నంబరు సరైనదైతే ఎక్కువసార్లు డబ్బు చేరవలసిన చోటికే చేరుతుంది. కోడ్ డబ్బును ఊరి పొలిమేర దాకా తీసుకెళ్తుంది. ఏ తలుపు తట్టాలో ఖాతా నంబరు చెబుతుంది. లోపల ఉన్నదెవరో పేరు చెబుతుంది. మనం తలుపు తట్టి, తీసిందెవరో చూడకుండానే సంచీ చేతిలో పెట్టి వచ్చేస్తున్నాం.

ఇంకో చిత్రం గమనించండి. లేని ఖాతా నంబరుకు నెఫ్ట్ చేస్తే, ఆ బ్యాచ్ (కట్టగా కలిపి పంపిన బదిలీలు) సెటిలైన రెండు గంటల్లో డబ్బు వెనక్కి రావాలి, ఆలస్యమైతే బ్యాంకు రెపో రేటుకు (బ్యాంకులకు మీరు అప్పిచ్చే వడ్డీ రేటుకు) మరో రెండు శాతం కలిపి వడ్డీ కట్టాలి. మంచి నియమం. కానీ ఆ తప్పు నంబరు నిజంగా ఎవరిదో అయిందా, ఆ రక్షణ అంతా పోయినట్టే. చేసింది అదే పొరపాటు. ఒకరికి రెండు గంటల్లో తీరిపోతుంది, ఇంకొకరికి ఏడాది ఫీజు పోతుంది.

మీ బ్యాంకు దీన్ని పట్టించుకోలేదని నేననను. 2024 డిసెంబరు 30న మీరు ఇచ్చిన ఆదేశం చదివి చాలా సంతోషించాను. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో డబ్బు పంపేముందు, ఖాతా నంబరూ కోడూ కొడితే అవతలి బ్యాంకు రికార్డులో ఉన్న పేరు కనబడాలన్నారు. 2025 ఏప్రిల్ 1 లోగా అన్ని బ్యాంకులూ ఈ సదుపాయం ఇవ్వాలన్నారు, రుసుము తీసుకోకూడదన్నారు. శాఖకు వచ్చి డబ్బు పంపేవారికి కూడా అందించాలని అందులోనే ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని పెన్సిల్‌తో గీత గీసుకుని మరీ దాచుకున్నాను.

2025 జూన్‌లో ఆ కూరగాయలావిడ రెండో కూతురి ఫీజు కట్టడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. పేరు చూపించమని అడిగాను. "అది మొబైల్లో వస్తుంది మేడమ్, ఇక్కడ కాదు" అన్నారు. ఆదేశం సంగతి చెప్తే మేనేజరు గారిని అడగమన్నారు. మేనేజరు గారు లోపలికెళ్లి చూసి, నిజమే, వస్తోందన్నారు. పేరు చదివారు. కాలేజీదే. అంతసేపూ నా మోచెయ్యి పట్టుకునే ఉన్న ఆవిడ అప్పుడు వదిలింది. మొత్తం రెండు నిమిషాల పని. పక్కన బ్యాంకక్క లేని వాళ్లు ఈ రెండు నిమిషాలు ఎలా అడిగి తీసుకుంటారు?

అందుకే నేను కోరేది ఇది. కౌంటరులో ఇచ్చే ప్రతి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ ఫారం మీద "అవతలి బ్యాంకులో ఉన్న పేరు" అని ఒక గడి పెట్టించండి. గుమస్తా ఆ పేరు చూసి, పైకి చదివి, అందులో రాయాలి. ఆ తర్వాతే ఖాతాదారు సంతకం పెట్టాలి. రసీదు మీద కూడా ఆ పేరు అచ్చవాలి. ఆ ఫారం మా దగ్గర తెలుగులో ఉండాలి. బాధ్యత పంపేవారిదే అనదలిస్తే అనండి, కానీ చూపించాక అనండి.

అయినా పొరపాటు జరిగితే, పంపినవారు ఫిర్యాదు చేసిన రోజే అవతలి ఖాతాలో ఆ మొత్తాన్ని కదలకుండా ఆపే ఏర్పాటు కావాలి. ఎవరిదన్న సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. తొమ్మిది రోజుల తర్వాత ఉత్తరం రాస్తే తేల్చడానికి ఖాతాలో ఏమీ మిగలదు.

ఆధార్‌లో పన్నెండో అంకె, ముందున్న పదకొండింటిని బట్టి లెక్కగట్టి వేసింది. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా యంత్రం అక్కడే పట్టేస్తుంది. అన్ని బ్యాంకుల ఖాతా నంబర్లకూ ఉమ్మడిగా అలాంటి కాపలా అంకె లేదు. ఉండి ఉంటే 2023లో ఆ ఫారం కౌంటరు దాటేది కాదు. ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదని తెలుసు. కొత్తగా తెరిచే ఖాతాలతోనైనా మొదలుపెట్టమంటున్నాను.

కోడ్‌ల గురించి కూడా ఒక మాట. 1923లో పట్టాభి సీతారామయ్య గారు మా ఊళ్లోనే పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడ్‌లు మరుసటి ఏడాది పోయి యూబీఐఎన్ కోడ్‌లు వచ్చాయి. కెనరా బ్యాంకులో కలిసిన సిండికేట్ బ్యాంకు కోడ్‌లు 2021 జూన్‌తో ఆగిపోయాయి. 2025 మే 1న మా రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. ప్రతిసారీ పాత పాస్‌బుక్ పట్టుకుని ముసలివాళ్లు మా అరుగెక్కుతారు. పాత కోడ్ చెల్లలేదని ఇంట్లో పిల్లలు ఇంటర్నెట్‌లో కొత్త కోడ్ వెతుకుతారు. దొరికిన పేజీలో బ్యాంకు వాళ్లదన్నట్టు ఓ ఫోన్ నంబరు ఉంటుంది. దానికి ఫోన్ చేసి, అడిగిన ఓటీపీ చెప్పి, సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఏడుస్తూ ఫోన్ చేసిన మాస్టారు మా పక్క సందులోనే ఉన్నారు. నకిలీ పేజీలకు మోసపోకుండా, బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే చిరునామాలకు మారాలని ఆదేశించి మంచి పని చేశారు. అలాగే, ఇల్లు మారినవాళ్ల ఉత్తరాన్ని పోస్టుమాన్ కొత్త ఇంటికి మళ్లించినట్టు, విలీనమైన బ్యాంకు పాత కోడ్‌ను ఎన్నేళ్లయినా కొత్త శాఖకు మళ్లించే ఏర్పాటు చేయించండి. బ్యాంకులు కలవాలని నిర్ణయించింది ఖాతాదారులు కాదు గదా.

ఆవిడ రెండో కూతురి తర్వాతి ఏడాది ఫీజుకు మళ్లీ అదే కౌంటరుకు వెళ్లాలి. ఈసారి తను ఒక్కతే వెళ్తానంటోంది. ఏమని అడగాలో ఒక చీటీ మీద తెలుగులో రాసిచ్చాను. ఆ చీటీ అవసరం లేకుండా కౌంటరు అవతలి మనిషే ముందుగా పేరు చదివేలా మీరు ఒక సర్క్యులరు ఇవ్వాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
మచిలీపట్నం