అన్నీ కలిసి బతుకుతాయని చెప్పి పంపిన కాంబో చేపల గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే అండి. ఏప్రిల్ 26న మీ వెబ్‌సైట్‌లో రెండడుగుల ఫ్యామిలీ అక్వేరియం కాంబో ఆర్డర్ పెట్టాను. బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, ఫొటోలు, రెండు వీడియోలు ఈ మెయిల్‌తోనే పంపిస్తున్నా. మొత్తం 4,999 రూపాయలు, అందులో చేపలకి 1,450 అని మీ బిల్లులోనే విడిగా వేశారు. వచ్చినవి 16 చేపలు, మూడు వారాల్లో 9 పోయాయి. అడిగితే "మెయింటెనెన్స్ ప్రాబ్లం మేడం" అని ఒక్క ముక్క చెప్పి టికెట్ క్లోజ్ చేసేశారు. ఆ మాట నేను ఒప్పుకోను, ఎందుకు ఒప్పుకోనో మొత్తం రాస్తున్నా, దయచేసి చివరిదాకా చదవండి.

డబ్బు కట్టకముందే నేను మీ చాట్‌లో అడిగాను. మా పాపకి ఏడేళ్ళు, పుట్టినరోజుకి కొంటున్నాం, మాకు చేపల గురించి ఏమీ తెలీదు, ఇవన్నీ ఒకే ట్యాంకులో కలిసి ఉంటాయా, ఒకదాన్నొకటి కొరుక్కోవు కదా అని స్పష్టంగా అడిగాను. "ఎస్ మేడం, అన్నీ కమ్యూనిటీ ఫిష్, నో ప్రాబ్లం" అని మీ వాళ్ళు రాశారు, స్క్రీన్‌షాట్‌లో టైముతో సహా ఉంది చూడండి. ట్యాంకు సైజు మీకు తెలుసు, అమ్మింది మీరే. ఏ చేపలు వెయ్యాలో ఎంచింది కూడా మీరే, నేను ఒక్క చేపని కూడా మార్చమనలేదు.

మీరు పంపిన లిస్టు ఇది: గోల్డ్ ఫిష్ రెండు, టైగర్ బార్బ్‌లు మూడు, గప్పీలు నాలుగు, నియాన్ టెట్రాలు నాలుగు, ఏంజెల్ ఒకటి, సక్కర్ ఫిష్ ఒకటి, పైగా ఫ్రీ గిఫ్ట్ అని ఒక ఫైటర్. ట్యాంకు 24 ఇంచులు పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. అడుగున గులకరాళ్ళు పరిచాక ఎన్ని నీళ్ళు పట్టాయో బకెట్‌తో కొలిచి మరీ పోశాను, 15 లీటర్ల బకెట్లు సరిగ్గా మూడు. 45 లీటర్లలో 16 చేపలు, అవి కూడా ఆరు ఏడు రకాలవి.

మే 2న చేపలు వచ్చాయి. మీ పాంప్లెట్‌లో 24 గంటలు ఫిల్టర్ నడిపి చేపల్ని వదలమన్నారు, ట్యాంకు మూడు రోజుల ముందే వచ్చింది కాబట్టి నేను అంతకంటే ఎక్కువే నడిపాను, కవర్లు అరగంట నీళ్ళలో తేల్చి మెల్లిగా వదిలాను. మర్నాటి నుంచే బార్బ్‌లు మొదలెట్టాయి. ఫైటర్ తోక మొదటి రోజు విసనకర్రలా విచ్చుకుని ఎంత బాగుందో, నాలుగో రోజుకి అంచులన్నీ చీలికలై దువ్వెన పళ్ళలా మిగిలింది. అది వెళ్ళి ఫిల్టర్ వెనక మూలలో దాక్కుంటే అక్కడికి కూడా వెళ్ళి లాగేవి. ఏంజెల్‌కి పొట్ట కింద దారాల్లా రెండు రెక్కలు వేలాడతాయి కదా, అవి వారంలోపే మొదలుదాకా కొరికేశాయి. మా పాప స్కూల్ లేదు కదా సెలవులని రోజంతా ట్యాంకు ముందే కూర్చునేది, చేత్తో అద్దం మీద తట్టి బార్బ్‌లని తరిమేది. నాలుగో రోజు పొద్దున రెండు నియాన్లు, ఐదో రోజు ఇంకో రెండు చచ్చిపోయి ఫిల్టర్‌కి అతుక్కుని ఉన్నాయి, పాప లేవకముందే తీసేశాను. ఎనిమిదో రోజు ఫైటర్ పోయింది. తర్వాత ఒక్కొక్కటిగా మూడు గప్పీలు, చివరికి ఏంజెల్.

ఆ మధ్యలోనే మా నాన్న భీమవరం నుంచి వచ్చారు. ఆయన ముప్పై ఏళ్ళు చేపల చెరువుల మీద పనిచేసిన మనిషి. పొద్దున్నే ట్యాంకు దగ్గరికెళ్ళి చూస్తే గప్పీలు నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి, "అమ్మాయ్, చేప తేలుతోందంటే నీళ్ళు పాడైనట్టే, ముందు అమ్మోనియా చూడు" అన్నారు. తర్వాత లిస్టు చదివి వినిపిస్తే ఆయన అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. చెరువులో బొచ్చె, శీలావతి, మోసు మూడూ కలిపి ఎందుకు వేస్తామో తెలుసా, బొచ్చె పైన తింటుంది, శీలావతి మధ్యలో తింటుంది, మోసు అడుగున తింటుంది, ఒకదాని జోలికి ఒకటి పోదు, మూడిటికీ ఒకే నీళ్ళు సరిపోతాయి, అదే చెరువులోకి ఒక్క కొర్రమీను దూరినా పిల్లలన్నీ పోయినట్టే, ఎకరాల చెరువుకే ఇంత లెక్క చూస్తాం, ఈ మూడు బకెట్ల నీళ్ళకి ఎవరూ చూడలేదా అన్నారు. చూడాల్సింది మీరేనండి. కలిసి బతకడం అంటే కొట్టుకోకపోవడం ఒక్కటే కాదు, నీళ్ళు, వేడి, సైజు, ఎన్నిటిని కలిపి పెంచాలి, అన్నీ కుదరాలి. మీ లిస్టులో ఏదీ కుదర్లేదు.

గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ళ చేప, 18 నుంచి 22 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, నియాన్లు గప్పీలు వెచ్చటి నీళ్ళవి. మే నెలలో మియాపూర్‌లో మా హాల్లో ట్యాంకు నీళ్ళు 32 చూపించాయి, వేడెక్కేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది. మన ఎండలకి గోల్డ్ ఫిష్ ఎలాగో తట్టుకుంటుందే అనుకున్నా, అది జానెడు పెరిగే చేప, దాని వ్యర్థమూ అంతే ఎక్కువ, ఆ వ్యర్థంలోంచే అమ్మోనియా వస్తుంది. కొత్త ఫిల్టర్‌లో అమ్మోనియాని విరగ్గొట్టే బాక్టీరియా ఇంకా పుట్టనే లేదు, అది కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. 24 గంటలు చాలని మీరు ప్రింట్ చేసి పంచుతున్నారు! టెస్ట్ కిట్ బయట షాపులో 600 పెట్టి కొన్నాను, సీసాలో నీళ్ళు పసుపు రంగులో ఉండాలి, మావి ఆకుపచ్చకి తిరిగాయి, చార్టు పక్కన పెడితే అమ్మోనియా 2 దగ్గర ఉంది, సున్నా ఉండాలి. పీహెచ్ 8 వచ్చింది, పీహెచ్ ఎక్కువున్న నీళ్ళలో అదే అమ్మోనియా ఇంకా విషం. అప్పట్నుంచి రోజూ ఒక బకెట్ నీళ్ళు మారుస్తూనే ఉన్నాను, మేత రోజుకి ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేసేంత. మెయింటెనెన్స్ అంటే ఇంకేం చెయ్యాలో మీరే చెప్పండి.

టైగర్ బార్బ్‌ల సంగతి ఇంకా బాధ. అవి గుంపుగా బతికే చేపలు, ఎనిమిదో పదో ఉంటే వాటిలో అవే తోసుకుని తరుముకుని సరిపెట్టుకుంటాయంట, మూడిటినే వేస్తే పక్క చేపల మీద పడతాయి. పడడానికి పొడుగు తోకల ఫైటర్‌ని, గప్పీలని, ఏంజెల్‌ని కూడా మీరే పక్కన పెట్టారు. బార్బ్‌ల తప్పేం లేదు, వాటి గుణం అది. ఆ ఏంజెల్ బతికి పెద్దదై ఉంటే నియాన్లని మింగేసేది, అది కూడా దాని గుణమే.

అసలు నన్ను ఒక్క ప్రశ్న అడిగుంటే సరిపోయేది, మీది బోరు నీళ్ళా, మునిసిపల్ నీళ్ళా అని. మాది బోరు, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) 900 పైనే. నియాన్లు లవణాలు తక్కువుండే మెత్తటి నీళ్ళలో పుట్టిన జాతి, ఒక్కసారిగా ఈ నీళ్ళలో వేస్తే తట్టుకోవడం చాలా కష్టం. అదే గప్పీలైతే ఇలాంటి గట్టి నీళ్ళే వాటికి ఇష్టం. ఆరు మగ గప్పీలు మాత్రమే పంపి, అది కూడా ఫిల్టర్ కుదురుకున్నాక రెండు విడతల్లో పంపి ఉంటే ఇదే ట్యాంకులో చక్కగా తిరిగేవి, ఆడవి లేవు కాబట్టి నెల నెలా పిల్లలు పుట్టి ట్యాంకు నిండిపోయే గొడవా ఉండేది కాదు. మీకు బిల్లు తగ్గేదేమో, మా పాప చేపలు మిగిలేవి.

ఇక మీ గ్యారంటీ. చేప చచ్చి వస్తే 24 గంటల్లో వీడియో పెట్టాలి, తర్వాత మాకు సంబంధం లేదు అంటున్నారు. అన్నీ బతికే వచ్చాయి, నేనేం కాదనట్లేదు. కానీ కలవని చేపల్ని కలిపి పంపితే ఆ తప్పు 24 గంటల్లో బయటపడదు కదండీ, నాలుగో రోజో పదో రోజో పడుతుంది, అంటే మీరు చేసిన తప్పుకి మీ గ్యారంటీలో చోటే లేదు. దానికి బదులుగా తర్వాతి ఆర్డర్ మీద పది శాతం కూపన్ ఇస్తామన్నారు. ఆ కూపన్ నాకొద్దు.

ఇప్పుడు మిగిలినవి ఏడు, గోల్డ్ ఫిష్ రెండు, బార్బ్‌లు మూడు, ఒక ఆడ గప్పీ, సక్కర్ ఫిష్. గోల్డ్ ఫిష్ మా పిన్ని వాళ్ళ పెద్ద సిమెంట్ తొట్టిలోకి వెళ్ళాయి. గప్పీని వేరే డబ్బాలో పెట్టాను. సక్కర్ ఫిష్ ఇప్పుడు నా వేలంత ఉంది, అడుగు దాటి పెరుగుతుందని మీ పేజీలో ఎక్కడా లేదు, "అద్దం క్లీన్ చేస్తుంది" అని మాత్రం ఉంది. మా ట్యాంకు వెడల్పే అడుగు, పెద్దయ్యాక అది వెనక్కి ఎలా తిరుగుతుంది? ఎవరో చెరువులో వదిలేయండి అన్నారు, నేను వదలను. ఇలా ఇళ్ళల్లోంచి, ఫారాల్లోంచి జారిపోయిన సక్కర్ చేపలే కృష్ణలో, ఊళ్ళ చెరువుల్లో పెరిగిపోయి ముళ్ళతో వలలు చింపేస్తున్నాయని జాలరులు మొత్తుకుంటున్నారు, వాటిని రాక్షస చేపలంటున్నారు.

నాకు కావాల్సింది చెప్తున్నా. చేపల డబ్బు 1,450, టెస్ట్ కిట్‌కి పెట్టిన 600 వెనక్కి ఇవ్వండి. సక్కర్ ఫిష్‌ని, మూడు బార్బ్‌లని మీరే వచ్చి తీసుకెళ్ళండి, వాటిని మళ్ళీ ఇలాంటి కాంబోలో పెట్టి ఇంకొకళ్ళకి అమ్మొద్దు. ఆ కాంబో పేజీ తీసెయ్యండి, లేదా ప్రతి చేప పక్కన పెద్దయ్యాక ఎంత అవుతుంది, కనీసం ఎన్ని కలిపి ఉంచాలి, ఎన్ని లీటర్లు కావాలి, ఎలాంటి నీళ్ళు కావాలి అన్నది తెలుగులో రాయండి. పాంప్లెట్‌లో ఆ 24 గంటల మాట మార్చండి. చాట్‌లో కూర్చునే పిల్లలకి ముందు ఈ నాలుగు సంగతులు నేర్పండి, వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు అంతే.

15 రోజులు చూస్తాను. జవాబు రాకపోతే 1915 కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ ఇస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మీ ఆఫీసు ఎక్కడున్నా నేను ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు, కనుక్కునే రాస్తున్నా.

చేపలు తీసుకెళ్ళడానికి ఎవర్ని పంపిస్తారో ఒక రోజు ముందు ఫోన్ చెయ్యండి, కవర్లో ఆక్సిజన్ పట్టించుకుని రమ్మనండి, బార్బ్‌లకీ సక్కర్‌కీ వేర్వేరు కవర్లు తెమ్మనండి. సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్, మియాపూర్, హైదరాబాద్