గల్ఫ్‌కు పోయిన మా ఆడవాళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

నాది ఉదయగిరి వైపు మెట్టలో ఒక ఊరు. పదకొండేళ్లుగా మా పొదుపు సంఘం పుస్తకాలు నేనే రాస్తున్నాను. ఆ పుస్తకాల్లో నా చేత్తో రాసిన ఒక అబద్ధం ఉంది. దాని గురించి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

మా చిన్నమ్మ కూతురు సంఘంలో యాభై వేలు అప్పు అడిగింది. తీర్మానంలో 'పాడి గేదె కొనుగోలుకు' అని రాశాను. ఆ డబ్బు గేదెకు కాదని నాకు తెలుసు, సంతకాలు పెట్టిన మిగతా తొమ్మిది మందికీ తెలుసు. గల్ఫ్‌లో ఇంటిపని ఇప్పిస్తానన్న ఏజెంటుకు టికెట్టు, మెడికల్ ఖర్చుల కింద ఆ డబ్బు పోయింది. వాళ్ల బోరు ఎండి రెండేళ్లయింది. మొగుడికి వారంలో మూడు రోజులు కూలి దొరికితే గొప్ప. ఇద్దరు పిల్లలు. వద్దని చెప్పాలంటే ఇంకో దారి చూపించాలి కదా, నా దగ్గర అది లేదు.

అప్పటికి చెల్లికి 27 ఏళ్లు. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్ లాంటి చోట్లకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు. ఆ పాస్‌పోర్టుతో 30 ఏళ్లు నిండని ఆడమనిషి గల్ఫ్‌కు ఇంటిపనికి పోకూడదని కేంద్రం నిబంధన ఉందట. 30 నిండినవాళ్లను కూడా ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలని 2016లో చెప్పారట. మన రాష్ట్రంలో అందుకు ఓంక్యాప్ అనే సంస్థ ఉందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఏజెంటుకు ముందే తెలుసు. అందుకే పని వీసా జోలికి పోకుండా దుబాయ్‌కి విజిట్ వీసా తీశాడు. చెన్నై ఎయిర్‌పోర్టులో ఎవరైనా అడిగితే చుట్టాలింటికి పోతున్నానని చెప్పమన్నాడు. దుబాయ్ నుంచి కారులో మస్కట్ తీసుకుపోయారు.

మూడంతస్తుల ఇల్లు, పదకొండు మంది మనుషులు, పనికి ఇదొక్కతే. తెల్లవారుజామున లేస్తే పడుకునేసరికి అర్ధరాత్రి దాటేది. పాస్‌పోర్టు మొదటి రోజే తీసేసుకున్నారు. ఫోను శుక్రవారం అరగంట ఇచ్చేవాళ్లు, తర్వాత అదీ లేదు. మూడు నెలలు జీతం వచ్చింది, నాలుగో నెల నుంచి రాలేదు. ఇంటికి పంపమని అడిగితే, 'నిన్ను ఆఫీసుకు డబ్బు కట్టి తెచ్చుకున్నాం, ఆ డబ్బు కట్టి పో' అన్నారట. మనిషిని కొనుక్కున్నట్టే కదా ఆ మాట. ఎడమ చేతి మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉంది. ఎలా కాలిందో చెల్లి చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇక్కడ మా తిప్పలు వేరు. పోలీస్ స్టేషనుకు పోతే 'మీరే కదా పంపించింది' అన్నారు. అర్జీ పట్టుకుని దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో నెల్లూరుకు మూడు సోమవారాలు తిరిగాం. ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్నలు ఇవే. ఏ వీసా? ఏజెంటు లైసెన్సు నంబరెంత? కాంట్రాక్టు కాగితం ఏది? మా దగ్గర ఉన్నదల్లా ఒక విజిటింగ్ కార్డు, దాని మీద పలకని ఫోన్ నంబరు. పధ్నాలుగు నెలల తర్వాత, చిన్నమ్మ ఉన్న అరెకరం తాకట్టు పెట్టి రెండు లక్షలు కడితే పిల్ల ఇల్లు చేరింది. ఇప్పటికీ కుక్కర్ విజిల్ వినపడితే ఉలిక్కిపడి లేచి నిలబడుతుంది.

నిజంగానే గేదె కొని ఉంటే ఏం జరిగేదో ఒకసారి ఆలోచించండి. డాక్టర్ వచ్చి చెవికి ట్యాగు వేసేవాడు. ఫోటో తీసేవాళ్లు. బ్యాంకు వాళ్లు బీమా కట్టించేవాళ్లు. గేదె చచ్చిపోతే ఆ ట్యాగు చూపించి డబ్బు అడగొచ్చు. మనిషి దేశం దాటిపోతే మన జిల్లాలో ఏ పుస్తకంలోనూ ఒక్క అక్షరం పడలేదు. ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లు సక్రమంగా పోతే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయిన మా చెల్లికి అదీ లేదు.

చట్టాలు లేవని నేను అనడం లేదు. మన మెట్ట నుంచి, పక్కనున్న కడప వైపు నుంచి ఎక్కువ మంది పోయే కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేశారు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవివ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లని పెట్టారు. ఇంటిపనివాళ్ల గురించి మన దేశం 2021లో కువైట్‌తో ఒప్పందం కూడా చేసుకుంది. ఇక్కడ 1983 నాటి వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని విదేశాలకు పనికి పంపేవాడికి రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. జరిమానా మాత్రం ఎంత పెద్దదైనా రెండు వేలే. మా సంఘంలో ఒకామె కట్టే రెండు వాయిదాలంత కూడా లేదది. అయినా ఆ కేసన్నా పెట్టాలి కదా. ఏజెంటు మా బస్టాండు పక్కనే టీ తాగుతుంటాడు.

పోవద్దని ఆడవాళ్లను ఆపమని మాత్రం దయచేసి ఆర్డరు వేయకండి. 30 ఏళ్ల నిబంధన మంచికే పెట్టి ఉంటారు. కానీ అవసరం ఉన్నవాళ్లు ఆగలేదు, దొంగదారిన పోయారు. ఆ దారిలో వాళ్లను అడిగే దిక్కు లేకుండా పోయింది.

మా చేతిలో ఉన్నదొకటి చెబుతాను. 1992లో ఈ జిల్లాలోని దూబగుంటలో రాత్రి బడికి పోయిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. మా సంఘాలు ఆ తల్లుల చలవే. ఊళ్లో ఎవరు పాస్‌పోర్టుకు పెట్టారో, ఎవరింటికి ఏజెంటు వచ్చిపోయాడో గ్రామ సచివాలయానికి తెలియకపోవచ్చు, మాకు వారంలో తెలుస్తుంది. సచివాలయంలో ఒక రిజిస్టరు పెట్టించండి. పోయే మనిషి పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు, ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు, ఆ పోయే ఇంటి అడ్రసు అందులో ఉండాలి. రాయడానికి మేం ఉన్నాం, మహిళా పోలీసు చూసి సంతకం పెడితే చాలు. నెలకోసారి ఓంక్యాప్ వాళ్లను ఉదయగిరికో ఆత్మకూరుకో పంపించి, సరైన దారి ఏదో మా ముందు కూర్చుని తెలుగులో చెప్పించండి. ఈ పనికి తీసుకునే అప్పును ఆ పేరుతోనే తీర్మానంలో రాసుకోనివ్వండి. గేదె అని రాసినంత కాలం మనిషి కనపడదు.

పోయిన వారం మా వీధిలో ఇంకో అమ్మాయి అదే ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చింది. 26 ఏళ్లు, చంకలో బిడ్డ. వచ్చే నెల 5న సంఘం మీటింగులో అప్పు అడుగుతుంది. ఆ రోజు పుస్తకం నా ముందే ఉంటుంది. ఏం రాయమంటారో ఆ లోపల చెప్పండి.

ఇట్లు,
ఉదయగిరి మెట్ట నుంచి ఒక పొదుపు సంఘం లీడరు