తూకానికి ఇచ్చే ముందు ఇంజను నంబరు చదవండి

సంపాదకులకు నమస్కారం.

పోలీస్ స్టేషన్ల ఆవరణల్లో ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడుస్తున్న పాత వాహనాలను వేలం వేయబోతున్నారని మీ జిల్లా పేజీలో చదివాను. వేలం వేయడం తప్పని నేను అనను. కానీ వాటిని లాట్లు కట్టి తూకానికి అమ్మేసే ముందు, ఒక్కో బండి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు తెలిసినవాళ్లెవరైనా కూర్చుని చదవాలి. ఇళ్ల పెరళ్లలో, పాకల్లో ఇలాంటివి పెట్టుకున్న వాళ్లకూ ఇదే నా మనవి. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా రాస్తాను, దయచేసి ప్రచురించండి.

నేను గజపతినగరంలో చాలా ఏళ్లు లేత్ షాపు నడిపాను. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మా అక్క మెట్టినిల్లు సాలూరు. వాళ్ల మామగారు అడవి కూపుల (కలప కొట్టే అడవి భాగాల) కాంట్రాక్టరుగా పనిచేసిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలటరీ డిస్పోజల్ వేలంలో ఒక మోటారు సైకిల్ కొన్నారట. పాచిపెంట కొండల్లో కూపులకు దాని మీదే వెళ్లేవారు. కొంత దూరం ఘాటు రోడ్డు, ఆపైన ఎడ్ల బండ్ల బాట, అదీ అయిపోతే రాళ్లూ వాగులూ. ఆయన పోయాక బండి పెరటి పాకలో చేరింది. దాని మీద కట్టెలు పేర్చారు, కోళ్లు గూడు పెట్టాయి.

కొత్త ఇల్లు కట్టాలని పాక విప్పుతుంటే పాత ఇనప సామాన్ల వ్యాపారి వచ్చి కిలోల లెక్కన అడిగాడు. మా మేనల్లుడు నాకు ఫోన్ చేసి, "మావయ్యా, తాతగారి పాత బుల్లెట్ ఇచ్చెయ్యమంటావా?" అన్నాడు. నేను వచ్చి చూసేదాకా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని చెప్పాను.

అది బుల్లెట్ కాదు. వెనకాల షాకబ్జర్లే లేవు, చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉంది. మద్రాసులో 1955 నుంచి తయారైన బుల్లెట్‌కు వెనక స్వింగ్ ఆర్మ్ (చక్రంతో పాటు పైకీ కిందకీ ఊగే చెయ్యి), రెండు షాకబ్జర్లు ఉంటాయి. ఇంకో గుర్తు ఇంజనాయిలు. ఆనాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజన్లలో ఆయిలు క్రాంక్ కేసులోనే, అంటే ఇంజను అడుగు పెట్టెలోనే, ఒక అరలో ఉంటుంది. దీనికేమో సీటు కింద కుడి పక్కన వేరే ఆయిలు టాంకు ఉంది. ఇక ముందువైపు చూస్తే టెలిస్కోపిక్ ఫోర్కు, అంటే గొట్టంలో గొట్టం జారే రకం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన బీఎస్ఏ ఎం20, నార్టన్ 16హెచ్, ఏరియల్ లాంటి బళ్లన్నిటికీ ముందు గిర్డర్ ఫోర్కు, అంటే ఇనప కడ్డీల చట్రం, దానికో పెద్ద స్ప్రింగు. టెలిస్కోపిక్ ఫోర్కుతో వేల సంఖ్యలో సైన్యానికి వచ్చింది లండన్‌లోని ప్లమ్‌స్టెడ్‌లో 1941 నుంచి తయారైన మ్యాచ్‌లెస్ జీ3ఎల్. ఎగుడు దిగుడు నేల మీద మిగతావాటి కంటే తేలిగ్గా, అదుపులో నడుస్తుందని ఉత్తరాలు మోసే సైనికులు దీన్నే కోరుకునేవారు. యుద్ధం అయ్యాక ఆ కంపెనీ కొండల్లో, బురదలో జరిగే ట్రయల్స్ పోటీలకు తెచ్చిన బండి కూడా ఈ వంశానిదే.

ఇంతవరకూ చూపుతో చెప్పిన మాట. ఖాయం చేయాల్సింది నంబరు. క్రాంక్ కేసు మీద మడ్డి, ఆయిలు, దుమ్ము కలిసి గట్టిపడి పెచ్చులు కట్టింది. మా మేనల్లుడు వైరు బ్రష్షు బిగించిన గ్రైండరు పట్టుకొచ్చాడు. వద్దని ఆపాను. నంబరు పంచ్‌తో కొట్టింది. గ్రైండరు తగిలితే అంకెల అంచులు పోయి 3 ఏదో 8 ఏదో తెలియదు. కిరసనాయిల్లో గుడ్డ తడిపి మడ్డి నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో మెల్లగా తీశాం. ఆరాక సుద్దముక్క అడ్డంగా రుద్ది పైపైన తుడిస్తే, గుంతల్లో సుద్ద నిలిచి అక్షరాలు తెల్లగా లేచాయి. ముందు జీ3ఎల్ అని, దాని తర్వాత అంకెలు. ఫ్రేము నంబరు కూడా ఇలాగే తేల్చి, రెండింటికీ ఫోటోలు తీసి, కాగితం మీద పెన్సిల్‌తో అచ్చు కూడా తీసి పెట్టాం.

పెట్రోలు టాంకు దగ్గర ఇంకా జాగ్రత్త పడ్డాం. రంగు గీకేసి కొత్త పెయింటు కొట్టడం ఎవరికైనా తోచే పని. కానీ పాత బండికి రంగు పొరలే చరిత్ర. సన్నని వాటర్ పేపరు నీళ్లలో ముంచి, అరచెయ్యంత మేర మాత్రమే రుద్దుకుంటూ పోయాం. పైన నలుపు, దాని కింద మెరూన్, దాని కింద ఎవరో బ్రష్షుతో పూసిన ఆకుపచ్చ, అన్నిటికీ అడుగున మాసిన గోధుమ రంగు. ఆ గోధుమ రంగు మీద తెల్లగా ఇంగ్లీషు సీ అక్షరం వంపు కనబడింది, పక్కన కొన్ని అంకెలు. బ్రిటిష్ సైన్యంలో మోటారు సైకిళ్లకు సీ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇచ్చి టాంకు మీద రాసేవారు. ఆ ముక్కను అలాగే వదిలేసి పైన క్లియర్ లాకరు కొట్టాం. ఇవాళ బండి చూడ్డానికి వచ్చేవాళ్లు ముందు అక్కడికే వంగి చూస్తారు.

కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులకు రబ్బరు లేదు, వట్టి ఇనుమే. ఊడిపోయిందనుకున్నాడు మా మేనల్లుడు. అసలు వేయలేదు. 1942 మొదట్లో రబ్బరు తోటలున్న మలయా (ఇప్పటి మలేషియా) జపాన్ చేతికి పోయి బ్రిటన్‌కు రబ్బరు కటకట వచ్చింది. దాంతో బళ్లకు రబ్బరు వాడకం తగ్గించేశారు. ఆ ఏడాదే ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఇంజను, ఫ్రేము నంబర్లు ఇంగ్లండులోని ఏజేఎస్ అండ్ మ్యాచ్‌లెస్ ఓనర్స్ క్లబ్బుకు పంపాం. పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి బండి ఏ ఏటిదో వాళ్లు ధృవపత్రం ఇస్తారు. మాకు వచ్చిన కాగితంలో 1942 అనే ఉంది.

బాగుచేయడం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మంచి బళ్లు చాలావరకు పాకలో కాదు, మెకానిక్ షెడ్డులోనే పాడవుతాయి. ఈ బండి బోల్టులు చాలావరకు విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు అంగుళాల కొలతవి. పావంగుళం బోల్టుకు వేసే విట్‌వర్త్ పానా నోరు సుమారు 13.3 మిల్లీమీటర్లు. మన 13 పానా దానికి ఎక్కదు. 14 పానా ఎక్కి, జారి, బోల్టు తల మూలలన్నీ గుండ్రంగా అరగదీస్తుంది. ఆ తర్వాత ఉలి, సుత్తి, చివరికి వెల్డింగు. బోల్టు మరల పళ్ల కోణం కూడా వేరే, విట్‌వర్త్‌కు 55 డిగ్రీలు, ఇప్పటి మెట్రిక్ (మిల్లీమీటరు) బోల్టులకు 60. మెట్రిక్ బోల్టును బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి అల్యూమినియం కేసు మరలు తినేస్తుంది. మా గురువుగారు రైల్వే వర్క్‌షాపులో పనిచేసినాయన. ఆయన ఇచ్చిన విట్‌వర్త్ పానాలు, మరలు కోసే ట్యాపులు, డైలు నా పెట్టెలో ఉన్నాయి కాబట్టి పని సాగింది.

ఇంజను పట్టేసి ఉంది. ప్లగ్గు కన్నంలోంచి డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి వదిలేశాం. కిక్కు మీద నిలబడి తొక్కితే పిస్టన్ రింగులు విరుగుతాయి, ఓపిక పట్టడం తప్ప దారి లేదు. సిలిండరు కోడిగుడ్డు వాటంగా అరిగిపోతే బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ ఇంగ్లండు నుంచి తెప్పించాం. కొన్ని చిన్న సామాన్లు చెన్నై పుదుపేటలో దొరికాయి. బుష్‌లు, పిన్నులు మా లేత్ మీదే తీశాం. ప్లగ్గుకు నిప్పు అందించే మాగ్నెటో కాయిలు మళ్లీ చుట్టించాల్సి వచ్చింది. పాత చుట్టలకు పూసిన లక్క వేడికి కరిగి జిగురవుతుంది, బండి చల్లగా ఉన్నప్పుడు నిప్పు ఇచ్చి వేడెక్కగానే ఆగిపోతుంది. టైర్లకు మాత్రం వెతుకులాట లేదు, పాత బుల్లెట్‌కు వేసే 3.25-19 దీనికీ సరిపోయింది. ఇంజను నుంచి క్లచ్చుకు వెళ్లే ప్రైమరీ చైను మీది కేసు రేకుతో చేసింది. రెండు రేకుల మధ్య ఒక రబ్బరు పట్టీ, దాని మీదో ఇనప పట్టీ. దాంట్లోంచి ఆయిలు కారడం ఈ బండికి పుట్టుకతో వచ్చిన గుణం. అది చూసి కొందరు ఆ కేసు తీసేసి వేరేది తగిలిస్తారు. కారితే కింద డబ్బా పెట్టుకోండి గాని దాన్ని తీసెయ్యకండి.

మొదటిసారి ఇంజను అందుకున్నప్పుడు మా అక్క వాళ్ల పెద్దాడపడుచుగారు వసారాలో కూర్చుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. "నాన్న కూపు నుంచి వస్తుంటే వీధి మలుపులో ఈ చప్పుడే వినబడేది, అమ్మ వెంటనే ఎసరు పెట్టేది" అన్నారు. ఆమె ఇంకో మాట కూడా చెప్పారు. బండి కాగితాలు ఆయన ట్రంకు పెట్టెలో ఉండేవని, చెదలు పట్టి పోయాయని.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021 జులైలో ఒక మంచి సవరణ చేశారు. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత తిరిగి చేయించడానికి 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రోజువారీ తిరగడానికి, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు తీయొచ్చు. ఈ షరతులన్నీ న్యాయమైనవే. అయితే ఇక్కడ ఇదివరకే రిజిస్టరైన బండికి దరఖాస్తుతో పాటు పాత ఆర్‌సీ అడుగుతారు.

ఆ పాత ఆర్‌సీ వివరాలు ఏ రిజిస్టరులో వెతకాలి? బండి కొన్ననాడు సాలూరు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది, సాలూరు ఇటు చేరింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. బండి ఆ ఇంటిదే, జిల్లా మాత్రం మూడుసార్లు మారింది. ఒక కార్యాలయంలో అడిగితే ఇంకో కార్యాలయం పేరు చెప్పారు. అక్కడికి వెళ్తే అంత పాత పుస్తకాలు తమ దగ్గరకు రాలేదన్నారు. అక్కడి ఉద్యోగులను నేను తప్పుపట్టను, వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఈ తిప్పలు తట్టుకోలేకే చాలామంది తూకానికి ఇచ్చేస్తున్నారు. లేదా ఇంజను పీకి వేరే బండిది బిగించి, వెడల్పు టైర్లు వేసి, ఫ్రేము కోసి తిప్పుకుంటున్నారు. అలా కోసిన బండి ఇక వింటేజ్ కిందకు రాదు.

అందువల్ల రవాణా శాఖవారిని నేను కోరేది ఇది. విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం కార్యాలయాల్లో మిగిలి ఉన్న పాత రిజిస్టర్లను ఒకచోట చేర్చి, నంబరు చెబితే వెతికి పెట్టే మనిషిని నియమించండి. రిజిస్టరు నిజంగానే దొరక్కపోతే, ఇంజను, ఫ్రేము నంబర్ల అచ్చు, తయారీ రికార్డులున్న క్లబ్బు ఇచ్చే ధృవపత్రం, కుటుంబం ఇచ్చే అఫిడవిట్ చూసి తనిఖీ కమిటీ నిర్ణయం తీసుకునే వీలు కల్పించేలా పైవారికి రాయండి. దొంగ బళ్లు దీని చాటున దూరతాయన్న భయం సరైనదే. అందుకే తనిఖీ గట్టిగా ఉండాలంటాను, తలుపు మూసెయ్యొద్దంటాను.

పోలీసు అధికారులకు మనవి. వేలం జాబితాలో "పాత మోటారు సైకిల్, పనికిరానిది" అని రాయకుండా ప్రతి బండికీ ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాయించండి. జాబితా నాలుగు రోజులు ముందుగా బోర్డు మీద పెడితే తెలిసినవాళ్లు వచ్చి చూసుకుంటారు. జిల్లాలో ఐటీఐలు ఉన్నాయి, డీజిల్ మెకానిక్ పిల్లలతో నంబర్లు శుభ్రం చేయించి చదివించినా వాళ్లకు మంచి పాఠమే.

ఇక ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లకు చెబుతున్నాను. అది మ్యాచ్‌లెస్సే కానక్కర్లేదు. రాజ్‌దూత్ కావచ్చు, మైసూరులో తయారైన జావా కావచ్చు. నంబరు శుభ్రం చేసి ఫోటో తీయండి, రంగు గీకకండి, సరిపోని పానా తగిలించకండి. గజపతినగరం మెయిన్ రోడ్డు మీద లేత్ షాపులున్న చోట పాత విట్‌వర్త్ పానాల మనిషి ఎవరని అడిగితే చూపిస్తారు. పానాలు అరువిస్తాను, చూసి చెప్పినందుకు డబ్బులు తీసుకోను. సాలూరు, పార్వతీపురం వైపు వాళ్లు కబురు చేస్తే ఆదివారాల్లో నేనే వస్తాను.

ఇట్లు,
విశ్రాంత లేత్ మెకానిక్,
గజపతినగరం, విజయనగరం జిల్లా