మా అమ్మమ్మ సమాధిని వెతికి ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు

ఏళ్ల తరబడి పొదల్లో కూరుకుపోయి, ఎక్కడుందో సొంతవాళ్లమైన మాకే తెలియకుండా పోయిన మా అమ్మమ్మ సమాధిని ఐదు ఆదివారాలు శ్రమించి వెలికితీసిన స్వచ్ఛంద బృందానికి మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలుపుకోవడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు రాయవద్దని మీరు కోరారు కనుక రాయడం లేదు. చదువుతున్నప్పుడు ఎవరు చేసిన పని ఏదో మీకే తెలుస్తుంది.

ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. అమ్మమ్మ పోయిన కొత్తలో ఏటా వెళ్లేవాళ్లం. తరువాత మామయ్యలు ఒక్కొక్కరుగా దూరాలకు వెళ్లిపోయారు, రాకపోకలు తగ్గాయి, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారులే అనుకుని అందరం ఊరుకున్నాం. అలా చూస్తున్నవాళ్లు ఎవరూ లేరన్న సంగతి, ఎనభై ఒకటో ఏట మా అమ్మ తన తల్లి సమాధి ఒకసారి చూడాలని అడిగిన రోజున తెలిసింది. గేటు దాటి పది అడుగులు వేసేసరికి దారి పోయింది. అమ్మను గేటు పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి, నిలువెత్తు ముళ్లకంపలో అరగంట తిరిగి, చేతులు గీరుకుపోయి వెనక్కి వచ్చాను. “కుడివైపు చూశావా? గోడకు దగ్గరగా ఉండేది,” అని ఒక్కసారి అడిగింది. కుడివైపు గోడే కనబడలేదని చెప్పలేకపోయాను.

ఆ తరువాత రెండు ఉత్తరాలు రాశాను. స్థలం ఎవరి అధీనంలో ఉందో వారికి రాస్తే, సమాధుల బాగోగులు ఆయా కుటుంబాలే చూసుకోవాలని జవాబు వచ్చింది. స్థానిక పాలక సంస్థకు రాస్తే, అది తమ ఆస్తి కాదు కాబట్టి తాము చేయి పెట్టలేమన్నారు. రెండు జవాబుల్లోనూ సగం నిజం ఉంది, అందుకే వాటితో వాదించడం కష్టమైంది. రాయి మాదే, నిజమే. కానీ ఆ రాయి దాకా వెళ్లే దారి, ప్రహరీ, వాననీరు పోయే కాలువ, ఏ వరుసలో ఎవరున్నారో చెప్పే రిజిస్టరు మావి ఎలా అవుతాయి? వంద కుటుంబాలు వంద సమాధులను అద్దంలా ఉంచుకున్నా, మధ్యలో ఉన్న దారిని ఎవరూ తమదనుకోకపోతే ఆ వందా మునిగిపోతాయి.

మీ బృందంలోని పెద్దాయన మొదటి రోజున చెప్పిన విషయం నాకు అప్పటిదాకా తట్టలేదు. శ్మశానాలు పాడుబడటానికి మనుషుల మతిమరుపు కన్నా లెక్కల పొరపాటే పెద్ద కారణమని ఆయన అన్నారు. స్థలం అమ్మినప్పుడు డబ్బు ఒక్కసారే వస్తుంది, గడ్డి మాత్రం ఏటా పెరుగుతుంది. స్థలమంతా నిండిన రోజున రాబడి ఆగిపోతుంది, ఖర్చు ఆగదు. ఇందుకు ఆయన లండన్‌లోని హైగేట్ శ్మశానవాటికను ఉదాహరణగా చెప్పారు. 1839లో ఒక ప్రైవేటు కంపెనీ తెరిచిన ఆ చోటు ఒకప్పుడు ఎంతో వైభవంగా ఉండేదట. కార్ల్ మార్క్స్‌ను పూడ్చిపెట్టింది కూడా అక్కడే. అమ్మడానికి స్థలం తరిగిపోయాక కంపెనీ చేతిలో డబ్బు లేక అది అడవిలా మారింది. 1975లో మీలాంటివాళ్లే ఒక మిత్రబృందంగా ఏర్పడి దాన్ని నిలబెట్టారు. ఈ చిక్కును ముందే ఊహించి, అమెరికాలో చాలా రాష్ట్రాలు స్థలం అమ్మిన సొమ్ములో కొంత భాగాన్ని శాశ్వత నిధిగా పక్కన పెట్టి, దాని మీద వచ్చే ఆదాయంతోనే నిర్వహణ సాగించాలని చట్టం చేశాయి. జర్మనీలో సమాధి స్థలాన్ని సాధారణంగా ఇరవై ముప్పై ఏళ్ల హక్కుగానే ఇస్తారు, గడువు తీరాక కొనసాగించుకోకపోతే ఆ చోటు మరొకరికి వెళ్తుంది. ఈ రెండో పద్ధతి నా మనసుకు ఎక్కలేదు, కానీ అందులో బాధ్యత ఎవరిదన్న సందేహానికి తావు లేదని ఒప్పుకోక తప్పదు.

యుద్ధ సమాధుల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1917లో ఏర్పడి, ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని పిలవబడుతున్న సంస్థ రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించిన సుమారు 17 లక్షల మంది స్మృతిని 150కి పైగా దేశాల్లో కాపాడుతోంది. ఆ ఖర్చును భారత్ సహా ఆరు దేశాల ప్రభుత్వాలు తమ తమ వారి సమాధుల సంఖ్యను బట్టి పంచుకుంటున్నాయి. వందేళ్లు దాటినా అక్కడ రాళ్ల మీద అక్షరాలు చదవగలుగుతున్నామంటే, ఏటా ఎవరు ఎంత ఇవ్వాలో ముందే రాసి పెట్టుకున్నారు కనుకనే. మామూలు మనుషుల సమాధులకు అటువంటి ఒప్పందమేదీ లేదు.

ఇక మీ పని గురించి. యంత్రం తెచ్చి ఒక్క పూటలో చదును చేసేస్తారని నేను భయపడ్డాను. మీరు మొదటి ఆదివారం ఒక్క కొమ్మ కూడా నరకలేదు. దారాలు కట్టి, అడుగులు కొలిచి, కనబడిన ప్రతి రాయికీ నంబరు వేసి, పక్షి గూళ్లున్న పొదలను విడిగా గుర్తు పెట్టుకున్నారు. ఒరిగిన రాళ్ల దగ్గరికి పిల్లలను రానివ్వలేదు. మా అమ్మమ్మ సమాధి మీద అల్లుకున్న తీగను నేను ఆత్రంగా లాగబోతే, మీలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. తీగ వేళ్లు రాతి సందుల్లోకి, సున్నం అతుకుల్లోకి దిగి ఉంటాయని, పచ్చిగా ఉండగా లాగితే రాతి పెచ్చులు కూడా ఊడి వస్తాయని చెప్పి, మొదలు దగ్గర కోసి వదిలేశారు. మూడు వారాలకు అది ఎండి, వేళ్లతో తాకితేనే పొడిపొడిగా రాలింది. యాసిడ్ వద్దన్నారు, ఇనుప బ్రష్షు వద్దన్నారు. నీళ్లు, మెత్తటి కుంచె, ఓపిక, ఇంతే. పగిలిన అంచుకు నేను సిమెంటు తెస్తానంటే అదీ వద్దన్నారు. పాత మెత్తటి రాయి కన్నా సిమెంటు గట్టిది కావడంతో, తేమ బయటికి పోయే దారి లేక చివరికి పగిలేది రాయేనట. సున్నంతోనే అతికారు.

అయినా అక్షరాలు కనబడలేదు. అప్పుడు మీలోని కుర్రవాడొకడు సంచిలోంచి అద్దం తీసి, ఎండను పక్కనుంచి ఏటవాలుగా రాతి మీదికి మళ్లించాడు. నున్నగా ఉందనుకున్న రాతి మీద గుంటలు నీడలు పట్టి, ముందు ఒక సున్నా, తరువాత ఇంటిపేరు, ఆ తరువాత అమ్మమ్మ పేరు వరుసగా పైకి తేలాయి. సరిగ్గా కుడివైపు, గోడకు దగ్గరగానే ఉంది. గోడే విరిగి కంపలో కలిసిపోయింది.

ఇన్ని చేసినా, మీరు చేసిన మేలులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ కొత్త రిజిస్టరు. పొదలు మళ్లీ పెరుగుతాయి, మళ్లీ కొట్టవచ్చు. ఎవరు ఎక్కడున్నారన్న సమాచారం పోతే తిరిగి రాదు. మీ ఉచిత శ్రమను చూసి బాధ్యత ఉన్నవాళ్లు మరింత నిశ్చింతగా కూర్చుంటారేమోనన్న అనుమానం మాత్రం నన్ను వదలడం లేదు. అందుకే మీరు గీసిన పటం, రిజిస్టరు నకలు జతచేసి, దారి, ప్రహరీ, నీటి కాలువ తమ బాధ్యతేనని గుర్తుచేస్తూ స్థలం అధీనంలో ఉంచుకున్న వారికి మా కుటుంబం తరఫున మళ్లీ రాశాను. మా వంతుగా ఏటా కొంత మొత్తం మీ నిధికి పంపిస్తాం, ఏడాదికి రెండుసార్లు మాలో ఒకరం పనికి వస్తాం. మామయ్యల పిల్లలతో కూడా మాట్లాడి, ఎవరి వంతు ఏ ఏడాదో కాగితం మీద రాసుకున్నాం.

చివరి ఆదివారం అమ్మ మీరు వేసిన దారి మీద కర్ర సాయంతో నడిచి వెళ్లి, సమాధి దగ్గర చాలాసేపు కూర్చుంది. లేచే ముందు మీరిచ్చిన రిజిస్టరులో అమ్మమ్మ పేరుకు ఎదురుగా, బంధువుల వివరాల గడిలో తన పేరు, దాని కింద నా పేరు రాసి, వయసు కూడా రాయాలా అని అడిగింది. అమ్మమ్మ సమాధి ఉన్న వరుసలోనే మరో పదకొండు సమాధులకు పేర్ల గడులు ఖాళీగా ఉన్నాయి. వచ్చే నెల మేము పనికి వచ్చినప్పుడు ఆ రాళ్ల మీద పేర్లు చదివే పని మాకు అప్పగించమని కోరుతున్నాను. అద్దం నేను తెస్తాను.