రీస్టార్ట్ కొట్టే ముందు

కర్నూలు,
ఆదివారం రాత్రి

తల్లీ,

శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు షాపులో ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు. నీ గొంతేమో వణుకుతోంది. "ఆ నాలుగు సిస్టమ్‌లకే రోజూ పొద్దున నెట్‌వర్క్ రావడం లేదు నాయనా. రీస్టార్ట్ చేస్తే వస్తుంది. మర్నాడు మళ్లీ మామూలే. మేనేజర్ అందరి ముందూ అడుగుతున్నాడు" అన్నావు. నేను ఏదో నాలుగు మాటలు చెప్పి పెట్టేశాను. అప్పటినుంచి మనసులో అదే తిరుగుతోంది. కాగితం మీద రాస్తే నువ్వు సిస్టమ్ పక్కన పెట్టుకుని చూసుకోవచ్చని ఈ రాత్రి కూర్చున్నాను. మీ అమ్మ పడుకుంది.

ముందు ఒక మాట. నీకు పని రాదని ఎవరూ అనడం లేదు. కడప ఆఫీసులో సిస్టమ్‌లు చూసుకునే పనిలో చేరి రెండు నెలలు కాలేదు. కానీ "రీస్టార్ట్ చేస్తే వచ్చింది" అని రిజిస్టర్‌లో రాసి సంతకం పెడుతున్నావు చూడు, అది మాత్రం మానుకో. రీస్టార్ట్ చేస్తే ఎందుకు వచ్చింది? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకనంత వరకు పని అయినట్టు కాదు. రీస్టార్ట్ కొట్టడమంటే, దొంగలు పడ్డ ఇంటిని పోలీసులు రాకముందే కడిగేసినట్టు. ఏ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే గుర్తులన్నీ ఆ సిస్టమ్ మీద ఉంటాయి, నువ్వే వాటిని తుడిచేస్తున్నావు.

కాబట్టి ఇకనుంచి, నెట్‌వర్క్ రాని సిస్టమ్ ముందు కూర్చోగానే రెండు నిమిషాలు ఏమీ ముట్టుకోవద్దు. వెనక్కి వంగి కేబుల్ పెట్టిన చోట లైట్ చూడు. వెలుగుతోందా, ఆరిపోయి ఉందా, వెలిగి ఆరుతూ ఉందా? తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టు, ఆ సిస్టమ్ నెట్‌వర్క్ వివరాలన్నీ చూపిస్తుంది. అక్కడ కనిపించేదాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకో. సగం జవాబు ఆ ఫొటోలోనే ఉంటుంది.

అందులో మూడు నాలుగు రకాలు కనిపించొచ్చు. మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉంటే కేబులో, పోర్టో, గోడ దగ్గర సాకెట్టో చూడు, విండోస్ జోలికి పోవద్దు. అసలు ఎథర్నెట్ అన్న పేరే కనిపించకపోతే అది డ్రైవర్ సంగతి, అంటే కేబుల్ తగిలే లాన్ కార్డును నడిపే ప్రోగ్రామ్ సంగతి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉందేమో చూడు, గుర్తు మీద రెండుసార్లు నొక్కితే కోడ్ 10 అనో మరొకటో రాసి ఉంటుంది, ఆ అంకె రాసుకో. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ నంబరు) సరిగ్గానే ఉండి, షేర్ ఫోల్డర్ మీద మాత్రం ఎర్ర గుర్తు ఉంటే, నెట్‌వర్క్ లేవకముందే యూజర్ లాగిన్ అయిపోయాడన్న మాట. ఇక అడ్రస్ 169.254 తో మొదలైతే...

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు నీ నాలుగు సిస్టమ్‌ల మీద అనుమానం ఇక్కడే ఉంది.

సిస్టమ్ ఆన్ కాగానే లాన్ కార్డు "నాకు ఒక అడ్రస్ ఇవ్వండి" అని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడుగుతుంది. మీ ఆఫీసులో ఆ అడ్రస్ ఇచ్చేది రూటర్. ఆ సమయంలో రూటర్ ఇంకా లేవలేదనుకో, అడిగినదానికి పలికేవాళ్లు ఉండరు. కాసేపు అడిగి అడిగి, చివరికి విండోస్ తనకు తానే 169.254 తో మొదలయ్యే ఒక అడ్రస్ పెట్టుకుంటుంది. ఆ అడ్రస్‌తో బయటికీ పోలేదు, మీ సర్వర్ దగ్గరికీ పోలేదు. అయితే అంతటితో ఊరుకోదు, అయిదు నిమిషాలకోసారి మళ్లీ అడుగుతూనే ఉంటుంది. "టీ తాగి వచ్చేసరికి దానంతట అదే బాగైంది మేడమ్" అని మీ క్లర్క్ చెప్పాడన్నావే, అతను అబద్ధం చెప్పలేదు. సరిగ్గా ఇదే జరిగి ఉంటుంది.

ఇప్పుడు నువ్వు చెప్పిన ఇంకో ముక్క గుర్తు చేసుకో. పద్దెనిమిది సిస్టమ్‌లలో ఆ నాలుగింటికే పోయిన నెల హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలు వేశారన్నావు. నువ్వు వేరే మాటల మధ్యలో అన్నావు గానీ నాకు అక్కడే టక్కున తగిలింది. మీ అటెండర్ రాత్రి వెళ్తూ మెయిన్ ఆఫ్ చేసి, పొద్దున వచ్చి ఆన్ చేస్తాడు. అప్పుడు ఫైబర్ మోడెమ్, రూటర్, లాన్ స్విచ్ (కేబుల్స్ అన్నీ వచ్చి కలిసే పెట్టె), సిస్టమ్‌లు అన్నీ ఒకేసారి లేస్తాయి. మోడెమ్, రూటర్ సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పాత హార్డ్ డిస్క్ సిస్టమ్‌లూ అంతే సేపు గిలగిలలాడి లేస్తాయి కాబట్టి, అవి అడిగేసరికి రూటర్ సిద్ధంగా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ వేసినవి పావు నిమిషంలో లేచి కూర్చుంటాయి. అడిగితే పలికేవాళ్లు లేరు. పాడైపోయిన సిస్టమ్‌లు కావమ్మా అవి, అందరికంటే ముందు వచ్చి తాళం వేసిన గేటు ముందు నిలబడ్డవి.

ఇది నా ఊహ మాత్రమే, కర్నూలులో కూర్చుని కడపలో జబ్బు చెప్తున్నాను. కానీ దీన్ని తేల్చుకోవడం సులభం. 169.254 కనిపిస్తే రీస్టార్ట్ చేయకుండా, ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, తర్వాత స్లాష్ రెన్యూ కొట్టు, ఉన్న అడ్రస్ వదిలేసి కొత్తది అడుగుతుంది. సరైన అడ్రస్ వచ్చేస్తే ఆ క్షణంలో కేబుల్ బాగుంది, కార్డు బాగుంది, డ్రైవర్ బాగుంది. తప్పు లేచే వరుసలో ఉంది.

లేచే వరుసలో తప్పు అని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ఒకసారి నేను అది తెలుసుకోక తప్పు చేశాను. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటా, ఇక్కడే ఒక ఆఫీసులో కొత్తగా పెద్ద లాన్ స్విచ్ పెట్టారు. మర్నాటినుంచి పొద్దున ఏడు సిస్టమ్‌లు సర్వర్‌లోకి లాగిన్ కావు. నేను పోయి రెండింటికి లాన్ కార్డులు మార్చాను, డబ్బు తీసుకున్నాను. ఒకటి వారం బాగా పనిచేసింది, దాంతో నేను చేసింది సరైనదే అనుకున్నాను. తర్వాత మళ్లీ మొదలు. చివరికి ఒకరోజు ఎవరూ రాకముందే పోయి, గడియారం చేతిలో పెట్టుకుని ఆ స్విచ్ ముందు కూర్చున్నాను. సిస్టమ్ ఆన్ చేయగానే పోర్ట్ లైట్ కాషాయం రంగులో వెలిగింది. పచ్చగా మారడానికి సరిగ్గా ముప్పై సెకన్లు పట్టింది. ఆ ముప్పై సెకన్లు స్విచ్ ఒక్క మాట కూడా అటూ ఇటూ పోనివ్వదు. కేబుల్స్ ఎక్కడైనా చుట్టు తిరిగి మళ్లీ తన దగ్గరికే వచ్చాయేమోనని చూసుకుంటుంది. స్పానింగ్ ట్రీ అంటారు. పదిహేను సెకన్లు వినడానికి, పదిహేను నేర్చుకోవడానికి. సిస్టమ్‌లు తగిలించే పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ అని ఒక సెట్టింగ్ పెడితే ఆ ఆలస్యం ఉండదు. పెట్టాను, ఏడూ వచ్చేశాయి. ఆ రెండు కార్డుల డబ్బు తిరిగి ఇచ్చేశాను గానీ, మూడు వారాలు ఆ ఆఫీసు పొద్దున పూట పడిన ఇబ్బందిని తిరిగి ఇవ్వలేకపోయాను. మీ ఆఫీసు స్విచ్ కూడా సెట్టింగ్‌లు పెట్టుకునే రకమైతే ఇది చూడు. మామూలు చిన్న స్విచ్ అయితే ఈ బాధ సాధారణంగా ఉండదు.

ఫాస్ట్ స్టార్టప్ సంగతి నీకు తెలుసో లేదో. విండోస్ 8 నుంచి ఉంది. షట్‌డౌన్ కొడితే సిస్టమ్ పూర్తిగా ఆగదు. లోపలి భాగాన్ని, డ్రైవర్లతో సహా, డిస్క్ మీద దాచుకుని పడుకుంటుంది. పొద్దున ఆ దాచినదాన్నే తీసి లేస్తుంది. నిన్న లాన్ కార్డు డ్రైవర్ తిక్కగా ఉంటే ఇవాళ కూడా ఆ తిక్కతోనే లేస్తుంది. రీస్టార్ట్ మాత్రం అంతా కొత్తగా మొదలుపెడుతుంది. అందుకే "ఆఫ్ చేసి ఆన్ చేస్తే రాదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది" అని ఎవరైనా అంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. పవర్ ఆప్షన్స్‌లో టిక్ తీసేయొచ్చు. అలాగే డివైస్ మేనేజర్‌లో లాన్ కార్డు ప్రాపర్టీస్‌కు పోతే పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, కరెంటు ఆదా కోసం ఈ కార్డును ఆపొచ్చు అన్న టిక్ కూడా తీసెయ్. ఈ రెండూ ఒకేరోజు తీయొద్దు తల్లీ. ఒకరోజు ఒకటే మార్చు, మార్చింది రాసిపెట్టు, మర్నాడు పొద్దున చూడు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో నీకే తెలియదు. నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ లాంటి, నెట్‌వర్క్ సెట్టింగ్‌లను మొదటికి తెచ్చే కమాండ్లు మిగతావన్నీ అయ్యాక ఆఖరున.

డ్రైవర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే రోల్ బ్యాక్ చేయి, అంటే పాత డ్రైవర్‌కే వెనక్కి వెళ్లు. అన్ని మోడళ్ల లాన్ డ్రైవర్లూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బ్యాగులో ఉంచుకో. నెట్ రాని సిస్టమ్‌కు డ్రైవర్‌ను నెట్‌లోంచి ఎలా దించుతావు?

నల్ల స్క్రీన్ మీద పీఎక్స్‌ఈ ఈ61, చెక్ కేబుల్ అని వస్తే కేబుల్ వెతుక్కుంటూ కూర్చోవద్దు. చాలాసార్లు సిస్టమ్‌కు తన డిస్కే కనిపించక, నెట్‌వర్క్ నుంచైనా లేద్దామని ప్రయత్నిస్తుంటుంది. డిస్క్ కేబుల్, బూట్ ఆర్డర్ (దేన్నుంచి ముందు లేవాలన్న వరుస) చూడు. సైట్లు తెరుచుకోకపోతే కింద మూల గడియారం చూడు. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే తారీఖు ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, బ్రౌజర్ సైట్లను నమ్మదు, అందరూ నెట్ పోయిందంటారు. చిన్న బిళ్ల మారిస్తే సరిపోతుంది.

కేబుల్స్ గురించి నీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో షాపులో కూర్చుని "తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-పచ్చ, నీలం, తెల్ల-నీలం, పచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ" అని కేబుల్ లోపలి తీగల వరుసను ఎక్కాల్లా చదివేదానివి. నువ్వు అలా చదువుతుంటే పక్క షాపాయన వచ్చి వినేవాడు. ఒకటి మాత్రం అప్పుడు చెప్పలేదు. గిగాబిట్ రావాల్సిన చోట స్పీడ్ 100 అని చూపిస్తుంటే నీలమో గోధుమ జతో తెగి ఉంటుంది. 100 కు నారింజ, పచ్చ జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఎలుకలు కొరికిన కేబుల్ ఇలాగే బయటపడుతుంది.

మీ ర్యాక్ (స్విచ్, రూటర్ పెట్టే స్టాండు) ఎక్కడుందో నాకు ఫొటో పంపు. నేల మీద ఉంటే ఇష్టం లేదు నాకు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి మన ఊరిమీదికి వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి. నీళ్లు తీశాక నెలరోజులు నేను ఆఫీసుల్లో, ఇళ్లల్లో బురద నిండిన సీపీయూలు విప్పాను. బల్ల మీద ఉన్నవి కూడా పోయిన చోట్లున్నాయి, కానీ ఎత్తున గోడకు కొట్టిన స్విచ్‌లు బతికినవి చూశాను. అప్పటినుంచి ఏ ఆఫీసుకు పోయినా స్విచ్‌ను నడుము ఎత్తు కంటే పైనే పెడుతున్నాను. కడపలో అలా వరద రాకపోవచ్చు, తడిగుడ్డతో నేల తుడిచేవాళ్లు రోజూ వస్తారు. వేసవిలో ఉరుములతో వాన పడిన మర్నాడు ఒక్క పోర్టే చచ్చిపోతే పిడుగు దెబ్బేమో చూడు, ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడుగు.

ఇంత పొడుగ్గా ఎందుకు రాశానంటే తల్లీ, మేనేజర్ అరుస్తాడని కాదు. ఆయన అరిస్తే అరవనీ. మీ ఆఫీసుకు పొద్దున్నే వచ్చేవాళ్లు ఎవరు? బద్వేలు నుంచి, మైదుకూరు నుంచి మొదటి బస్సెక్కి వచ్చే పెన్షనర్లు, కూలి పని మానుకుని వచ్చినవాళ్లు. ఇక్కడ కర్నూలులో ఒక ఆఫీసుకు ఆత్మకూరు వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయనను నేను కళ్లారా చూశాను. కౌంటర్‌లో "సిస్టమ్ రావడం లేదు, రేపు రా" అన్నారు. ఆయన ఏమీ అడగలేదు, సంచి భుజానికి వేసుకుని బస్టాండ్ వైపు నడిచాడు. నేను అదే గదిలో బల్ల కింద కూర్చుని కేబుల్ చూస్తున్నాను. పావుగంటలో నెట్‌వర్క్ వచ్చింది. బయటికి పరుగెత్తాను గానీ ఆయన కనిపించలేదు.

రేపు సోమవారం ఈ ఉత్తరం నీకు అందదు, అందుకే ఒక్క ముక్క రాత్రికి ఫోన్‌లో కూడా చెప్తాను. అటెండర్ కంటే ముందు వెళ్లు. మొదట మోడెమ్, రూటర్, స్విచ్ మాత్రమే ఆన్ చేయించు. మూడు నిమిషాలు ఆగి, తర్వాత సిస్టమ్‌లు ఆన్ చేయించు. ఆ నాలుగూ వచ్చేస్తే మోడెమ్, రూటర్, స్విచ్‌లను వేరే చిన్న యూపీఎస్ మీద పెట్టించి రాత్రి కూడా ఆపొద్దని మేనేజర్‌కు రాసివ్వు. రాకపోతే పైన రాసిన వరుసలో ఫొటోలు తీసి నాకు పంపు.

వచ్చే ఆదివారం నేను వస్తున్నాను. కేబుల్ టెస్టర్, క్రింపింగ్ టూల్ తెస్తాను, నీ దగ్గరే ఉంచుకో. అమ్మ నువ్వుల పొడి, పల్లీల పొడి కట్టి పెట్టింది. హాస్టల్‌లో పొద్దున తినకుండా పరుగెత్తుతున్నావని నీ గొంతు వింటేనే తెలిసింది, అమ్మకు చెప్పలేదు. నాలుగింటిలో ఎన్ని వచ్చాయో రేపు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి చెప్పు, షాపు మూసేసి ఎదురుచూస్తుంటాను.

నీ నాయన